కణం నుంచే కణం

ఉల్లిపాయ రేకు లోపలి వంపున ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని పటకారుతో లాగి, గాజు పలక మీద నీటి చుక్కలో ముడత పడకుండా పరిచి, ఒక బొట్టు సాఫ్రనిన్ వేసి, కవర్‌స్లిప్‌ను ఒక పక్క నుంచి సూదితో మెల్లగా దించాలి. తొందరపడితే గాలి చిక్కుకుంటుంది. హైస్కూల్లో మొదటిసారి మైక్రోస్కోపులోకి చూసినప్పుడు నాకు నల్లటి అంచుతో, నడుమ మెరుస్తూ ఒక గుండ్రటి ఆకారం కనిపించింది. అదే కణమనుకుని రికార్డులో శ్రద్ధగా బొమ్మ గీశాను. మాస్టారు వచ్చి కంటితో ఒకసారి చూసి, "అది గాలి బుడగరా, పలక కాస్త పక్కకు జరుపు" అన్నారు. జరిపితే కనిపించాయి. ఇటుకలు పేర్చినట్టు వరసలు, ఒక్కో ఇటుకలో ఒక ఎర్రటి చుక్క. ఆ బుడగ సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది.

పరీక్షలో కణ సిద్ధాంతం రెండు మార్కుల ప్రశ్న. జవాబు అందరికీ నోటికి వచ్చిందే. జీవులన్నీ కణాలతోనూ, కణాలు తయారుచేసిన పదార్థాలతోనూ నిర్మితమయ్యాయి. జీవి నిర్మాణానికీ, అది చేసే పనులకూ కనీస ప్రమాణం కణం. కొత్త కణాలు అంతకుముందున్న కణాల నుంచే పుడతాయి. మొదటి రెండు వాక్యాలకు 1838, 1839 సంవత్సరాలు వేసి ష్లైడన్, ష్వాన్ పేర్లు రాస్తాం. మూడోదానికి 1855 వేసి విర్కో పేరు రాస్తాం. మూడోది తర్వాత చేర్చిన చిన్న సవరణ అన్నట్టు ఉంటుంది ఆ వరస. నా ఉద్దేశంలో అసలు సిద్ధాంతమంతా ఆ మూడో వాక్యంలోనే ఉంది. సిద్ధాంతానికి తండ్రులుగా మనం చెప్పుకునే ఇద్దరూ ఆ విషయంలోనే పొరపడ్డారు. ఆ పొరపాటు ఎలా జరిగిందో, ఎవరు సరిదిద్దారో తెలిస్తే తప్ప ఈ సిద్ధాంతం ఎంత పెద్ద మాట చెబుతోందో అర్థం కాదు.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషులో సెల్ అంటే చిన్న గది. తెలుగులో కణం అంటే నలుసు, రేణువు. ఒకటి ఖాళీ జాగా, మరొకటి గట్టి పదార్థం. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర. గదిగా మొదలైనది రేణువుగా మారడానికి అంత కాలం పట్టింది.

గది అని పేరు పెట్టినవాడు రాబర్ట్ హుక్. 1665లో లండన్‌లో అచ్చయిన మైక్రోగ్రాఫియా పుస్తకంలో ఆయన బెండు గురించి రాశాడు. ఓక్ జాతి చెట్టు బెరడు నుంచి వచ్చే ఆ బెండుతోనే సీసాలకు బిరడాలు చేస్తారు. మంగలికత్తి అంత పదును పెట్టిన చాకుతో దాన్ని పల్చగా చెక్కి, నల్లటి పలక మీద పెట్టి, కటకంతో వెలుగును దాని మీదికి మళ్ళించి చూశాడు. తేనెపట్టులా అరలు అరలుగా కనిపించింది. అంగుళం పొడవునా 1080 అరలు ఉంటాయని లెక్కగట్టి, ఘనపు అంగుళంలో 125 కోట్ల 97 లక్షల 12 వేలు ఉంటాయని తేల్చాడు. కళ్ళతో చూసి ఉండకపోతే తానే నమ్మేవాణ్ణి కాదన్నంత ఆశ్చర్యం ఆయనది. అయితే ఆయన అడిగిన ప్రశ్న జీవం గురించి కాదు. బెండు ఎందుకంత తేలిక, ఎందుకు నీళ్ళలో మునగదు, నొక్కితే ఎందుకు మళ్ళీ లేస్తుంది అన్నది ఆయనకు కావలసింది. గాలి నిండిన అరలు కనిపించాక ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు మాత్రమే. పచ్చి మొక్కల్లో ఆ అరల నిండా రసం ఉండటం కూడా గమనించాడు కానీ, ఆ రసమే అసలు సంగతి అని ఆయనకు తట్టడానికి కారణమేదీ లేదు.

డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ ఒక్క కటకంతోనే, తన చేత్తో తాను సానపట్టిన గాజుపూసతో, హుక్ కన్నా ఎంతో దూరం చూశాడు. చెరువు నీటిలో ఈదే ప్రాణులను, పంటి గారలోని బాక్టీరియాను, రక్తకణాలను, వీర్యకణాలను వర్ణిస్తూ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. 1676 నాటి ఉత్తరాన్ని అక్కడివాళ్ళు తేలిగ్గా నమ్మలేదు. మరుసటి ఏడు హుక్ స్వయంగా చూసి నిజమేనని చెప్పాకే నమ్మారు. ఆ ఈదే ప్రాణికీ, బెండులోని అరకూ చుట్టరికం ఉందని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

ఆ తర్వాత దాదాపు నూట అరవై ఏళ్ళు గడిచాయి. ఇంత ఆలస్యం ఎందుకంటే, చాలావరకు తప్పు గాజుది. రెండు మూడు కటకాలున్న మైక్రోస్కోపులో వెలుగు రంగులుగా చీలిపోయి, ప్రతి వస్తువు అంచునా ఇంద్రధనుస్సు మరక కనిపించేది. చిన్న వస్తువుల చుట్టూ వలయాలు ఏర్పడేవి. కండరం చూసినా, నరం చూసినా గుండ్రటి పూసలు వరసగా కనిపించేవి. దాంతో ప్రాణుల దేహమంతా గోళికలతో కట్టిందని కొందరు గట్టిగా రాశారు. ఆ గోళికల్లో చాలావరకు కటకం లోపం పుట్టించినవే. నేను రికార్డులో గీసిన గాలి బుడగ లాంటివన్నమాట. 1830లో లండన్ ద్రాక్షసారా వ్యాపారి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ ఆ లోపాలను తగ్గించేలా కటకాలను ఎలా జత చేయాలో లెక్క కట్టి ప్రచురించాడు. శస్త్రచికిత్సలో క్రిమినాశక పద్ధతి తెచ్చిన డాక్టర్ లిస్టర్ ఆయన కొడుకే. కణ సిద్ధాంతం కథలో ఈ వ్యాపారి పేరు పాఠాల్లో కనిపించదు. కనిపించాలి.

గాజు తేటపడగానే చూపులు కూడా తేటపడ్డాయి. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ప్రతి దానిలోనూ ఒక గుండ్రటి మచ్చ ఉందని గమనించి దానికి కేంద్రకం అని పేరు పెట్టాడు. ఉల్లిపొరలో నేను చూసిన ఎర్రటి చుక్క అదే.

ఇక బెర్లిన్. మథియాస్ ష్లైడన్ మొదట హాంబర్గ్‌లో లాయరు. వృత్తి కలిసిరాక, మనసు విరిగి ఆత్మహత్యకు ప్రయత్నించి, బతికి బయటపడి, వృక్షశాస్త్రం చదివాడు. మొక్కలో ప్రతి భాగమూ కణాలతో కట్టిందేనని, ఒక్కో కణానిదీ ఒక సొంత బతుకని 1838లో రాశాడు. థియొడోర్ ష్వాన్ ఆయనకన్నా ఆరేళ్ళు చిన్న. సౌమ్యుడు, భక్తిపరుడు, జీర్ణరసంలో పెప్సిన్‌ను కనిపెట్టి అప్పటికే పేరు తెచ్చుకున్నవాడు. ఒకనాడు ఇద్దరూ కలిసి భోంచేస్తుండగా మొక్కల కణంలో కేంద్రకం చేసే పని గురించి ష్లైడన్ చెబుతున్నాడు. వింటున్న ష్వాన్‌కు తాను తోకకప్పల పృష్ఠవంశంలో చూసినది గుర్తొచ్చింది. భోజనం కాగానే ఇద్దరూ ష్వాన్ ప్రయోగశాలకు వెళ్ళి వాటిని చూశారు. అవే కేంద్రకాలు, అదే అమరిక. మొక్కకూ జంతువుకూ మధ్య అప్పటిదాకా ఉన్న పెద్ద గోడ ఆ రోజు కూలింది.

జంతువుల విషయంలో ఆ మాట నిలబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. మొక్కలో ఏ ముక్క కోసినా గోడలు కనిపిస్తాయి. జంతువులో నరకణం మీటరు పొడవు సాగుతుంది, కొవ్వు కణం చుక్కలా ఉబ్బుతుంది, ఎముక కణం గట్టి పదార్థంలో కూరుకుపోయి ఉంటుంది, ఈక కణం ఎండి పొరగా మారుతుంది. వీటిలో ఒకదానికొకటి పోలికే లేదు. అన్నీ ఒక జాతివే అని ఏ ఆధారంతో చెప్పాలి? ష్వాన్ 1839 నాటి పుస్తకంలో ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. పెద్దయ్యాక అవి ఎలా ఉన్నాయన్నది వదిలేసి, ఎలా పుట్టాయో చూడమన్నాడు. పిండం దశలో వెనక్కు వెళ్ళే కొద్దీ తేడాలు తగ్గుతూ పోయి అన్నీ కేంద్రకమున్న గుండ్రటి కణాలుగా తేలతాయి. ఒకే తీరున పుట్టాయి కాబట్టి ఒకే జాతివి.

వాదం సరైనదే. పుట్టుక తీరు మాత్రం ఆయన తప్పు చెప్పాడు. చిక్కటి చక్కెర పాకంలో పటికబెల్లం పలుకులు కట్టినట్టు, కణాల మధ్య ఉన్న ద్రవంలో ముందు కేంద్రకం గడ్డకడుతుందని, దాని చుట్టూ కణం పేరుకుంటుందని ఆయన నమ్మాడు. ష్లైడన్ కూడా దాదాపు అదే చెప్పాడు, కాకపోతే కొత్త కణం పాత కణం లోపలే కడుతుందన్నాడు. ష్వాన్‌కు ఈ స్ఫటికాల పోలిక నచ్చడానికి కారణం ఉంది. జీవంలో ఏదో అంతుపట్టని ప్రాణశక్తి పనిచేస్తోందనే నమ్మకాన్ని తోసిపుచ్చి, ఉప్పు కట్టే నియమాలే కణాన్నీ కడతాయని చూపించాలన్నది ఆయన ఆశయం. ఆశయం మంచిదే, కానీ ఆశయం బలంగా ఉన్నప్పుడు కన్ను తాను వెతుకుతున్నదాన్నే చూస్తుంది.

ఈ తప్పును సరిదిద్దిన పనిలో ఎక్కువ పాలు రాబర్ట్ రెమాక్‌ది. కణం రెండుగా చీలడం ఆయనకు ముందే కొందరు చూశారు. 1832లో ద్యుమోర్తియే ఒక నాచులో చూశాడు, ఆ తర్వాత ఫోన్ మోల్ చూశాడు. అదేదో కొన్ని మొక్కలకు మాత్రమే ఉన్న ప్రత్యేకత అనుకున్నారు. రెమాక్ 1841లో కోడి పిండం రక్తంలో కణాలు చీలడం గమనించాడు. అక్కడితో ఆగలేదు. పదేళ్ళపాటు కప్ప గుడ్ల వెంట పడ్డాడు. గుడ్డు రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతుండగా పిండాన్ని రసాయనాలతో గట్టిపరిచి, చీలే ప్రతిసారీ పైత్వచం లోపలికి నొక్కుకుని రెండు కణాలను వేరు చేస్తోందని చూపించాడు. ద్రవంలోంచి ఊరికే కణం పుట్టడం ఆయనకు ఎక్కడా కనిపించలేదు. పిండంలో ఉన్న ప్రతి కణానికీ మూలం ఆ ఒక్క గుడ్డే. 1852లో ఈ సంగతి ప్రచురిస్తూ, రోగగ్రస్త కణాలకూ ఇదే వర్తిస్తుందని కూడా చెప్పాడు.

రెమాక్ యూదుడు. మతం మారడానికి ఒప్పుకోలేదు. ఆ కాలపు ప్రష్యాలో మతం మారని యూదుడికి ప్రొఫెసర్ పీఠం దక్కేది కాదు. 1847లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అనుమతి దొరకడమే అపురూపమైంది. పూర్తి స్థాయి పీఠం ఆయనకు చివరిదాకా రాలేదు. 1865లో యాభై ఏళ్ళకే చనిపోయాడు. రుడాల్ఫ్ విర్కో మొదట ష్వాన్ చెప్పిన ద్రవాన్నే నమ్మినవాడు. 1855 నాటికి మనసు మార్చుకుని, ప్రతి కణమూ కణం నుంచే అన్న మాటను లాటిన్‌లో నాలుగు ముక్కల నినాదంగా వాడాడు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు ఫ్రాన్స్‌లో రస్పాయ్ వాడిన మాట అది. ఆధారం ఎక్కువగా రెమాక్‌ది. పాఠాల్లో నిలిచింది విర్కో పేరు. రెమాక్ పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో నాకు తారసపడలేదు. రెండు మార్కుల జవాబులో ఆ మూడక్షరాలు చేర్చితే చాలు, ఒక అన్యాయం కొంతైనా తీరుతుంది.

విర్కో గొప్పతనం వేరే చోట ఉంది, అది చిన్నది కాదు. 1858లో బెర్లిన్‌లో వైద్యుల ముందు చేసిన ఇరవై ఉపన్యాసాల్లో ఆయన రోగమనేది కణంలో ఉంటుందన్నాడు. శరీరంలోని రసాల హెచ్చుతగ్గుల వల్ల జబ్బు వస్తుందని యూరపులో వైద్యులు రెండు వేల ఏళ్ళు నమ్మారు. విర్కో తర్వాత డాక్టరు అడిగే ప్రశ్న మారింది. ఏ కణాలు, ఎక్కడ, ఎలా దారి తప్పాయి? ఇవాళ మన ఆసుపత్రుల్లో "ముక్క తీసి టెస్టుకు పంపారు" అని చుట్టాలు గొంతు తగ్గించి చెప్పుకునే ఆ పరీక్ష విర్కో ప్రశ్నకు కొనసాగింపే. మా ఇంట్లో ఒకరికి ఆ పరీక్ష జరిగినప్పుడు మైనం దిమ్మలో పొదిగిన ఆ ముక్కనూ, గులాబీ, ఊదా రంగులద్దిన రెండు స్లైడులనూ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండో అభిప్రాయం కోసం నేనే మరో ఊరు మోసుకెళ్ళాను. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే గోరంత రంగు మరక. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన జవాబు ఆ మరకలో ఉంది.

కాన్సర్ బయటి నుంచి వచ్చిన వస్తువు కాదు, మన కణాలే ఆగకుండా చీలిపోవడం. ఇది మూడో వాక్యం నుంచి నేరుగా వచ్చే ముగింపు. మరి చీలకుండా ఆపగలమా? ఇక్కడ కథ భీమవరం దాకా వస్తుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించాడు. జర్మనీలో లోమాన్ కూడా అదే సమయానికి విడిగా గుర్తించాడు. ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. కణం చీలాలంటే డీఎన్ఏకు నకలు తీయాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను ఆ బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును ల్యుకేమియా పిల్లలకు వాడి, 16 మందిలో 10 మందికి కొంతకాలంపాటు గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అప్పటిదాకా ఆ జబ్బుకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నారు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

చీలే గుణాన్ని ఆపడమే కాదు, వాడుకోవడమూ వైద్యమే. తాంబూలంలో వేసుకునే సున్నం పొట్లం నొక్కితే చిమ్మి పసిపిల్లల కళ్ళలో పడుతుంటుంది. సున్నం నల్లగుడ్డు అంచున ఉన్న మూలకణాలను కాల్చేస్తే కంటిపాప ముందున్న పారదర్శక పొర మళ్ళీ పెరగదు, చూపు మసకబారిపోతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 2000 దశకం ఆరంభం నుంచి ఇలాంటి వాళ్ళకు రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ఆ కణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి, కాలిన కంటి మీద అతికించే చికిత్స చేసింది. ఉన్న కణం నుంచే కొత్త కణం వస్తుందన్న నియమాన్ని ఇంత సూటిగా చూపించే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

సిద్ధాంతానికి ఎదురైన పరీక్షల సంగతీ చూడాలి. అన్నిటికన్నా గట్టిది మెదడు. నరాలన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయిన వల అని కామిల్లో గాల్జీ వాదించాడు. అదే నిజమైతే దేహంలో అతి ముఖ్యమైన అవయవానికే కణ సిద్ధాంతం వర్తించదు. గాల్జీ 1873లో కనిపెట్టిన వెండి అద్దకాన్నే వాడి స్పెయిన్‌లో సాంతియాగో రామోన్ ఇ కహాల్ నరకణాలు విడివిడివేనని చూపించాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన వలనే సమర్థించుకున్నాడు. రెండు నరకణాల మధ్య ఉన్న సందు 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు చిక్కడంతో ఆ తగువు తీరింది.

మన కండరపు పోగులో వందల కేంద్రకాలుంటాయి, అయినా మధ్యలో గోడలుండవు. కాలెర్పా అనే సముద్రపు నాచు ఆకులు, వేర్లలాంటి భాగాలతో మొక్కలా పెరిగినా అంతా ఒకటే కణం. మన ఎర్ర రక్తకణం కేంద్రకాన్ని వదిలేసుకుని నూట ఇరవై రోజులు బతుకుతుంది, ఇక చీలదు. ఇవి మొదటి రెండు వాక్యాలను కాస్త ఇబ్బంది పెడతాయి. మూడోదాన్ని ఇబ్బంది పెట్టవు. కండరపు పోగు కూడా విడి కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం వల్ల ఏర్పడిందే, ఎర్ర రక్తకణం ఎముక మజ్జలోని కణం చీలగా వచ్చిందే. వైరస్ కణం కాదు, అందుకే కణంలో దూరితే తప్ప పెరగలేదు.

1967లో లిన్ మార్గులిస్ ఈ మూడో వాక్యాన్ని మరింత లోతుకు తీసుకెళ్ళింది. అప్పటికి ఆమె లిన్ సేగన్ పేరుతో రాసేది. ఎన్నో పత్రికలు తిప్పి పంపిన వ్యాసం అది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, ఆకుల్లోని హరితరేణువులు ఒకనాడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా అని, వేరే కణంలో చేరి అక్కడే స్థిరపడ్డాయని ఆమె చెప్పింది. వాటికి సొంత డీఎన్ఏ ఉంది, చుట్టూ రెండు పొరలున్నాయి, సొంత రైబోసోములున్నాయి. కణం వాటిని కొత్తగా తయారుచేసుకోలేదు. పాత మైటోకాండ్రియా చీలితేనే కొత్తది వస్తుంది. మనకు అవి అమ్మ అండం నుంచి వచ్చాయి, అమ్మకు అమ్మమ్మ నుంచి.

అలా వెనక్కు వెళితే తెగని గొలుసు ఒకటి కనిపిస్తుంది. ష్వాన్ ఊహించినట్టు ద్రవంలో కణాలు కడుతుంటే ఈ గొలుసు ఉండేది కాదు. ప్రతి జీవిలోనూ కణాలు ఎప్పటికప్పుడు కొత్తగా మొదలయ్యేవి, వారసత్వానికి దారే ఉండేది కాదు. వాల్టర్ ఫ్లెమింగ్ 1880 ప్రాంతంలో సాలమాండర్ పిల్లల కణాలకు రంగులద్ది, చీలే ముందు కేంద్రకంలోని పోగులు నిలువునా రెండుగా విడిపోయి చెరో పక్కకు చేరడం చూశాడు. రెమాక్ గొలుసులో లింకు నుంచి లింకుకు ఏది అందుతోందో చూపించిన దృశ్యం అది. మెండెల్ లెక్కల గురించి ఫ్లెమింగ్‌కు తెలియదు. తెలిసి ఉంటే జన్యుశాస్త్రం ఇరవై ఏళ్ళు ముందే మొదలై ఉండేదేమో.

గొలుసు మొదటి లింకు దగ్గర మాత్రం మూడో వాక్యం ఆగిపోతుంది. భూమి మీద మొదటి కణం మరో కణం నుంచి వచ్చి ఉండదు కదా. కనీసం మూడున్నర వందల కోట్ల ఏళ్ళ కిందట రసాయనాలు ఏదో ఒక పొరలో చేరి తమకు తాము నకలు తీసుకోవడం మొదలుపెట్టి ఉండాలి. ఆ మెట్టును ప్రయోగశాలలో ఎక్కడానికి ఇప్పటికీ ప్రయత్నాలు సాగుతున్నాయి. 2010లో అమెరికాలో క్రెగ్ వెంటర్ బృందం మైకోప్లాస్మా అనే బాక్టీరియా జన్యుపటాన్ని, పది లక్షలకు పైగా అక్షరాలున్నదాన్ని, మొత్తం రసాయనాలతో కృత్రిమంగా కట్టింది. దాన్ని పనిచేయించడానికి వాళ్ళకు ఒక చోటు కావలసి వచ్చింది. త్వచం, రైబోసోములు, ఎంజైములు అన్నీ సిద్ధంగా ఉన్న చోటు. దగ్గరి జాతికి చెందిన మరో మైకోప్లాస్మా కణాన్ని తెచ్చుకుని, ఆ జన్యుపటాన్ని అందులో పెట్టారు. అప్పుడది చీలింది.